బోనెక్కని ముద్దాయి గురించి మాటెందుకు?

ఆర్గ్యుమెంట్స్ చివర్లో పీపీ (ప్రభుత్వం తరఫున వాదించే పబ్లిక్ ప్రాసిక్యూటర్) గారు "నిజంగా తప్పు చెయ్యకపోతే ఆ ముక్కేదో బోనెక్కి చెప్పొచ్చు కదా యువర్ ఆనర్" అన్నారంటే జడ్జి గారు అక్కడికక్కడే ఆపించాలి, విని తీర్పులో పట్టించుకోకుండా వదిలేస్తే సరిపోదు. చట్టంలో ఇది క్లియర్‌గానే ఉంది, క్రిమినల్ కేసులు ఎలా నడపాలో చెప్పే పాత చట్టం సీఆర్‌పీసీలో సెక్షన్ 315, దాని బదులు వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌లో ఇప్పుడు 353. ముద్దాయి సాక్ష్యం చెప్పాలంటే తనే రాసిచ్చి అడగాలి, చెప్పకపోతే దాని మీద పార్టీలు గానీ కోర్టు గానీ కామెంట్ చెయ్యకూడదు. జడ్జికే లేని హక్కు పీపీకి ఎక్కడిది?

అసలు ఆ మాట ఎప్పుడొస్తుందో చూడండి. మన వైజాగ్‌లో గంజాయి కేసులకి కొదవ లేదు, 20 కిలోలు దాటితే కమర్షియల్ క్వాంటిటీ, అంటే వ్యాపారం కిందకొచ్చే మోతాదు, నేరం రుజువైతే కనీసం పదేళ్లు. అలాంటి కేసులో మధ్యవర్తులు (సరుకు పట్టుకున్నప్పుడు సాక్షులుగా పెట్టినవాళ్లు) అడ్డం తిరిగి, శాంపిల్ మీద సీలు కలవక, దర్యాప్తులో చిల్లులు బయటపడ్డాక, ఆ చిల్లులన్నీ పూడ్చడానికి ముద్దాయి మౌనాన్ని వాడుకుంటారు. రుజువు చెయ్యాల్సిన భారం మొదట ప్రాసిక్యూషన్‌ది కదండీ, మౌనంగా కూర్చున్నవాడిది కాదు.

జ్యూరీ (తీర్పు చెప్పడానికి కూర్చోబెట్టే మామూలు జనం) అయితే అలాంటి మాటకి పడిపోతుంది గానీ మనకి చదువుకున్న జడ్జి ఉన్నారు, ఒక మాటకి ఏమవుతుంది అంటారు కొందరు సీనియర్లు. 1959లో నేవీ కమాండర్ నానావతి మీద హత్య కేసులో జ్యూరీ 8-1తో నిర్దోషి అంది, హైకోర్టు శిక్ష వేసింది, 1961లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది, నిజమే. కానీ మత్తు పదార్థాల చట్టం ఎన్‌డీపీఎస్ సెక్షన్ 67 కింద ఆఫీసర్లు రాయించుకున్న స్టేట్‌మెంట్లని నేరం ఒప్పుకున్నట్టే లెక్కేసి ఏళ్ల తరబడి శిక్షలు వేసింది కూడా చదువుకున్న జడ్జిలే, 2020లో తూఫాన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెల్లదనేదాకా అది ఆగలేదు. జడ్జీ మనిషే, ఆఖర్న విన్న మాట ఆయన చెవిలోనూ మిగిలిపోతుంది.

సాక్షుల మాటల్లో తేడాలు ఎత్తిచూపండి, ఎంత గట్టిగానైనా వాదించండి, ఎవరూ కాదనరు. వాదనలో నోరు జారొద్దని, క్లయింటు చెప్పిందల్లా వల్లించొద్దని బార్ కౌన్సిల్ రూల్సే చెప్తున్నాయి.

ఇవన్నీ సరే, ఆ వాదన అసలు ముద్దాయికి అర్థమవుతోందా అన్నది నన్ను ఎక్కువ బాధపెట్టే విషయం. సాక్ష్యం తెలియని భాషలో చెప్తే తెలిసిన భాషలోకి మార్చి చెప్పాలని బీఎన్‌ఎస్‌ఎస్ 314లో ఉంది, వాదనల ఊసు మాత్రం అందులో లేదు! పాడేరు పక్కనించి వచ్చిన మనిషి గంటసేపు ఇంగ్లీషు విని, తన మీద ఏమన్నారో తెలీక, ఎస్కార్ట్ కానిస్టేబుల్ని "ఏటన్నారు బాబూ" అని అడగాల్సి రావడం అన్యాయం. అదే చట్టం 352 కింద లాయర్లు వాదనల్ని రాసి కూడా ఇవ్వొచ్చు, ఎదుటి పక్షానికి కాపీ ఇవ్వాలి. ఆ కాపీ తెలుగులో రాసి ముద్దాయి చేతికే ఇప్పించండి, చదవలేనివాళ్లకి చదివి వినిపించండి, దీనికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు.