మాండరిన్ చేప అల్లుడుగారికి అత్తగారి ఉత్తరం

మహారాజశ్రీ మాండరిన్ చేపగారికి,
హాల్లో సోఫా తీసేసిన చోట వెలసిన ఉప్పునీటి ట్యాంకు, హైదరాబాదు.

ఆశీర్వదించి రాయునది ఏమనగా, మేమిక్కడ క్షేమం. తమరు క్షేమంగా లేరని మీ పొట్ట చూస్తేనే తెలుస్తోంది, అందుకే ఈ ఉత్తరం.

నాకు కూతుళ్లు లేరు. అల్లుడికి మర్యాదలు చేసే యోగం లేదనుకున్నాను. మా అబ్బాయి మిమ్మల్ని కొనితెచ్చి ఆ లోటు తీర్చాడు. చూపుడువేలంత లేరు గానీ, మీకోసం ఇల్లంతా కదిలింది. ఆర్వో నీళ్లలో లీటరుకి 35 గ్రాముల లెక్కన ఉప్పు కలపాలి. వంటింటి ఉప్పు పనికిరాదు, డబ్బాలో వచ్చే సముద్రపు ఉప్పే కావాలి. నీళ్లు ఆవిరవుతాయి గానీ ఉప్పు ఆవిరవదు కదా, తగ్గినంత మేరకు మంచినీళ్లే పొయ్యరా అని నేను చెబితే వినలేదు. అదే మాట ఫోన్‌లో ఎవరో చెబితే రాసుకున్నాడు. మే నెలలో ఊరు 40 డిగ్రీలు దాటినా మీ నీళ్లు 26 దగ్గరే ఉండాలి. మీకు చిల్లర్, మాకు ఫ్యాను. కరెంటు పోతే ఇన్వర్టరు ముందు మీ పంపుకి, ఆ తర్వాతే మా గదికి.

ఇంత చేస్తే మీరు అలకపాన్పు ఎక్కారు.

గుళికలు వేశాడు, ముట్టలేదు. ఫ్రీజర్లో నా కొబ్బరి తురుము పక్కన పెట్టిన ఆర్టీమియా అనే బుల్లి రొయ్యల్లాంటి మేత కరిగించి, సిరంజితో సరిగ్గా మీ మూతి ముందు వదిలాడు. దాన్ని ఎగాదిగా చూశారు. కింది రెక్కల మీద నడిచినట్టు పక్కకి జరిగి, వట్టి రాయిని ఒక్క పోటు పొడిచి వెళ్లిపోయారు.

కాలేజీలో జువాలజీ చెప్పి రిటైరైనదాన్ని, మీ అలక నాకు తెలియనిది కాదు. జపాన్ కింది ర్యూక్యూ దీవుల నుంచి ఆస్ట్రేలియా దాకా పగడపు దిబ్బల్లో ఉండే మీకు పొద్దున లేచింది మొదలు తినడమే పని. రాళ్ల మీద పాకే కోపెపాడ్లనే బుల్లి జీవులను, కంటికి ఆనీ ఆననివాటిని, ఒక్కొక్కటే ఏరుకుని తింటారు. పూటకోసారి వడ్డిస్తే తీరే ఆకలి కాదు మీది. మా ట్యాంకులో అన్నీ కొత్తవే. ఇసుక కొత్తది, రాళ్లు కొత్తవి, గులాబీరంగు ప్లాస్టిక్ పగడం ఇంకా కొత్తది. అసలు పగడమైతే 1972 వన్యప్రాణి చట్టంలో పులి ఉన్న షెడ్యూల్‌లోనే ఉంది, ఇంట్లో పెట్టుకుంటే కేసవుతుంది. కనుక ప్లాస్టిక్‌ది తెచ్చినందుకు నేనేమీ అనను. కానీ ఆ కొమ్మ మీద మీరు రోజంతా వెతికినా దొరికేదేముంది? షాపువాడు మాత్రం "ఏది వేసినా తింటుందండీ" అని ఒట్టేసి మరీ అంటగట్టాడు.

అందం మాత్రం కాదనలేను. చాలా చేపల్లో నీలం వెలుతురు చేసే మాయ. మీ ఒంట్లో మాత్రం నిజంగానే నీలం రంగు నింపుకున్న కణాలున్నాయని 1995లో జపాన్ శాస్త్రవేత్తలు తేల్చారు. పొలుసులు లేవు. వాటికి బదులు కంపుకొట్టే జిగురు ఉందనుకోండి, అది ఫోటోల్లో రాదు. మొన్న పేరంటానికి వచ్చినవాళ్లంతా మీతో సెల్ఫీలు దిగి, "ఎంత నాజూగ్గా ఉందో!" అని మురిసిపోయారు. నాజూకు కాదమ్మా, పస్తులు అని చెబితే ఒక్కరూ వినిపించుకోలేదు.

ఒక క్లౌన్ చేపను తేరా అని మొదట్లోనే మొత్తుకున్నాను. మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థవాళ్లు వాటిని హేచరీల్లోనే పిల్లలు పెట్టించారు. అలా తొట్లలో పుట్టి పెరిగినవి గుళికలకు ఎగబడతాయి. అది అందరిళ్లలోనూ ఉంటుందట, అందుకని మావాడికి ఆనలేదు.

నిన్న రాత్రి ఇక ఊరుకోలేక, ముందు తిండిని పెంచు, తర్వాత చేపను పెంచుదువు గానీ అన్నాను. కోపెపాడ్లను నాచులో వేసి విడిగా పెంచి, కొన్నికొన్ని మీ ట్యాంకులోకి వదులుతుండాలి. ఆశ్చర్యం, వెంటనే ఒప్పుకున్నాడు. ఇప్పుడు మీ తిండికి వేరే ఇల్లు కడుతున్నాడు. రెండో ట్యాంకు, దానికో లైటు, దానికో పంపు.

ఇట్లు,
తమ శ్రేయోభిలాషి,
అత్తగారు

తా.క.: పొద్దుటి నుంచి టేపు పట్టుకుని నా పూజగది గోడ కొలుస్తున్నాడు.