అంకె ఏ హద్దుల నాటిది?

రాజాం ఏ జిల్లాలో ఉందని అడిగితే ఆ ఊరివారు తడుముకోకుండా విజయనగరం అంటారు. అంతర్జాలంలో మాత్రం శ్రీకాకుళం అని చెప్పే పాత పేజీలు ఇంకా కనిపిస్తూనే ఉంటాయి. 2022 ఏప్రిల్ 4న అమలులోకి వచ్చిన పునర్విభజనతో రాజాం విజయనగరంలోకి, పాలకొండ పార్వతీపురం మన్యంలోకి వెళ్లాయి. 2011 జనగణన శ్రీకాకుళం జిల్లాకు చూపిన 27,03,114 జనాభా ఈ రెండూ కలిసి ఉన్న పాత జిల్లాది. నేటి జిల్లాపై రాసే ప్రాజెక్టు నివేదికలో ఆ అంకెను ఉన్నదున్నట్టు దించితే, ఆధారం సాక్షాత్తూ జనగణనే అయినా సమాచారం తప్పుతుంది. ఇంకా వెనక్కి వెళ్తే, 1979 జూన్ 1న విజయనగరం జిల్లా ఏర్పడే వరకు బొబ్బిలి, సాలూరు కూడా శ్రీకాకుళం లెక్కలోనివే.

అందుకే ‘ప్రభుత్వ వెబ్‌సైట్ అయితే నమ్మండి, వికీపీడియా అయితే వద్దు’ అని తరగతిలో చెప్పే సూత్రం సగం దారిలోనే ఆగిపోతుందని నా అభిప్రాయం. చూడవలసింది ఆ మాట మొదట ఎవరు, ఎప్పుడు, ఏ పరిశీలన మీద అన్నారన్నది. వికీపీడియాను ఉటంకించకూడదు, నిజమే. కానీ ఆ పేజీ అడుగున ఉండే మూలాల పట్టీని వదులుకోవడం తెలివితక్కువతనం.

శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం ప్రాంతపు కిడ్నీ వ్యాధి విషయంలో ఈ జాగ్రత్త మరింత అవసరం. కవిటి, సోంపేట ప్రాంతాల్లో వ్యాధికి నీటిలోని సిలికాయే కారణమని ఒక పేజీ, పురుగుమందులేనని మరో పేజీ తేల్చి చెబుతాయి. వైద్య పరిశోధన పత్రాలను వెతికే ‘పబ్‌మెడ్’ సైటు ద్వారా అసలు పత్రాలు తెరిచి చదివితే అవి అనుమానాలుగానే కనిపిస్తాయి తప్ప, ఏ ఒక్క కారణమూ నిర్ధారణ కాలేదు. పత్రంలో ‘కావచ్చు’ అని ఉన్నది వార్తలోకి వచ్చేసరికి ‘అయింది’గా మారుతుంది, విద్యార్థి వ్యాసంలో అదే చివరకు శాస్త్రంగా స్థిరపడుతుంది.

పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలకు శోధ్‌గంగ అనే ఆన్‌లైన్ భాండాగారం ఉచితంగా తెరిచే ఉంది. ఖరీదైన జర్నళ్ల కోసం 2025 జనవరిలో మొదలైన కేంద్ర ప్రభుత్వ పథకం ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ తొలి దశలో ప్రభుత్వ విద్యాసంస్థలకే పరిమితమైంది. ప్రైవేటు కళాశాల విద్యార్థి అలాంటి పత్రం కావాలంటే దాని రచయితకే మెయిల్ రాసి ప్రతి అడగవచ్చు. పరిశోధకుల మధ్య అది ఎప్పటినుంచో ఉన్న ఆనవాయితీయే.