అర్ధరాత్రి దాటితే అందరూ పెద్దవాళ్లే

పిల్లలు టీవీలో ఏం చూడాలో ఎవరు తేల్చాలి అని మన దగ్గర ఎవరినైనా అడగండి. అమ్మానాన్నలని ఒకరు, బడి అని ఒకరు, సెన్సార్ బోర్డు ఉన్నది దేనికండీ అని ఇంకొకరు, పొద్దుగూకేదాకా కొట్టుకుంటారు. అమెరికా టీవీ వాళ్లకు ఈ తలనొప్పి లేదు, ఆ ఉద్యోగం ఎప్పుడో గడియారానికి ఇచ్చేశారు. అది జీతం అడగదు, సెలవు పెట్టదు, ఎవరి సిఫార్సూ వినదు. పన్నెండు కొట్టేదాకా దేశమంతా పసిపిల్లలు, కొట్టిన మరుక్షణం దేశమంతా పెద్దమనుషులు. జపాన్ వాళ్ల కార్టూన్లు, అదే యానిమే, పరాయి దేశాల్లో ఇంత పెద్దదవడానికి ఈ గడియారం చేసిన సేవకు ఇంతవరకు ఒక్క సన్మానసభ కూడా జరగలేదు కాబట్టి, శాలువా కప్పే బాధ్యత నేనే తీసుకుంటున్నాను.

ముందు సాక్ష్యాలు. 2000 మార్చిలో కార్టూన్ నెట్‌వర్క్ తన టూనామీ కార్యక్రమంలో గుండమ్ వింగ్ మొదలుపెట్టింది. అయిదుగురు కుర్రాళ్లు పెద్ద పెద్ద రోబోల్లో కూర్చుని యుద్ధం చేసే కథ. దీన్ని రెండుగా తయారుచేశారు, సాయంత్రం బడి నుంచి వచ్చిన పిల్లలకు ఒకటి, అర్ధరాత్రి మేలుకున్నవాళ్లకు కోతల్లేకుండా ఇంకొకటి. సాయంత్రం యుద్ధంలో రోబోలు పేలతాయి, వాటి లోపల మనుషులు కూడా ఉంటారు, కానీ ‘చంపుతా’ అని ఒక్కడూ నోరు జారడు, ‘నాశనం చేస్తా’ అంటాడు. తనను తాను మృత్యుదేవతనని చెప్పుకు తిరిగే డ్యువో అనే కుర్రాడు సాయంత్రం పూట ‘మహా విధ్వంసకుడు’గా సరిపెట్టుకుని, రాత్రి పన్నెండింటికి మళ్లీ మృత్యుదేవత డ్యూటీ ఎక్కేవాడు. చూసే పిల్లాడు పేలిన రోబోలో మనిషి ఏమయ్యాడని అడగకుండా ఉంటే చాలు, వ్యవస్థ బ్రహ్మాండంగా పనిచేసినట్టే.

వన్ పీస్ అనే సముద్రపు దొంగల యానిమేలో సాంజీ అనే వంటవాడున్నాడు. నోట్లో సిగరెట్ లేకుండా అతన్ని జపాన్‌లో ఎవరూ చూసి ఉండరు. 2004లో అమెరికా శనివారం పొద్దుటి ప్రసారంలో అతని నోట్లో లాలీపాప్ పెట్టారు. గడ్డం పెరిగిన మనిషి, సూటు, టై, ఒక కంటి మీదికి పడే జుట్టు, ఓడలో పదిమందికి వండిపెట్టే చెయ్యి, నోట్లో మాత్రం చీకుడు పుల్ల. పొగ తాగితే ఊపిరితిత్తులు పోతాయని పిల్లలకు చెప్పడానికి ఒక జాతి మొత్తం సిద్ధంగా ఉంది గానీ, రోజంతా చక్కెర చప్పరిస్తే పళ్లేమవుతాయో ఏ డెంటిస్టూ లేచి అడగలేదు. ఇదే సాంజీ 2013లో టూనామీలోనే, శనివారం అర్ధరాత్రి దాటాక, తీరిగ్గా సిగరెట్ కాలుస్తూ మళ్లీ కనిపించాడు. తొమ్మిదేళ్లలో అతను మారలేదు, టైము మారిందంతే. ఇంకో కార్టూన్‌లో, యూగీ ఓ అని కార్డులాట గొడవ, రౌడీల చేతుల్లో పిస్తోళ్లు చెరిపేశారు. చెరిపేశాక ఖాళీ చెయ్యి మిగిలింది కదా, నల్ల సూటు మనిషి చూపుడువేలు గురిపెట్టి నిలబడితే ఎదుటివాడు నిజంగానే వణికిపోతాడు. వేలు చూపించి లోకాన్ని భయపెట్టొచ్చన్న పాఠం పగటి పిల్లలకు ఉచితంగా అందింది.

ఇక అసలు ఘట్టం 2001 సెప్టెంబరు 2, ఆదివారం రాత్రి. పగలంతా పిల్లల చానెల్‌గా నడిచే కార్టూన్ నెట్‌వర్క్ రాత్రిపూట అడల్ట్ స్విమ్ అని ఇంకో బోర్డు తగిలించింది, ఆ మొదటి రాత్రే కౌబాయ్ బీబాప్ వేసింది. షినిచిరో వతనబే దర్శకత్వం, యోకో కన్నో జాజ్ సంగీతం, అంతరిక్షంలో నేరస్థుల్ని పట్టిచ్చి డబ్బు సంపాదించుకునే నలుగురు, వాళ్ల దగ్గర ఎప్పుడూ లేనిది ఆ డబ్బే. ఫ్రిజ్‌లో తిండి లేదు, మాంసం లేని మాంసం కూర వండుకుంటారు. అంత పేదరికం ఉన్న కార్టూన్‌ను పిల్లలకు చూపిస్తే బొమ్మలు ఎవడు కొంటాడు? తొమ్మిది రోజులకు న్యూయార్క్‌లో జంట టవర్లు కూలాయి. ఎత్తైన భవనాల్లో బాంబులు పెట్టేవాడి కథ ఒకటి ఈ సిరీస్‌లో ఉంది, దాన్నీ ఇంకొన్ని ఎపిసోడ్లనూ ఆ విడత ఆపేశారు. అది సబబే, అందులో వెటకారానికేం లేదు. చెప్పొచ్చేదేమిటంటే గడియారానికి కూడా అప్పుడప్పుడూ పైఅధికారి ఉంటాడు.

అయితే జపాన్‌లో మాత్రం బీబాప్‌కు మర్యాద జరిగిందా అంటే, అదీ లేదు. 1998లో టీవీ టోక్యో సాయంత్రం ఆరింటికి వేసి, ఇరవై ఆరింట్లో పన్నెండు ఎపిసోడ్లు, వాటికి తోకగా ఒక ప్రత్యేక ఎపిసోడ్ చూపించి ముగించేసింది. పూర్తిగా చూపించింది వావ్‌వావ్ అనే డబ్బు కట్టి చూసే చానెల్, అదీ బాగా పొద్దుపోయాక. జపాన్ వాళ్లు ఈ విద్యలో మనందరికంటే రెండాకులు ఎక్కువే చదివారు. వాళ్ల టీవీ పట్టికలో రాత్రి ఒకటిన్నరను 25:30 అని వేస్తారు. ఇరవై నాలుగు గంటల్లో పట్టని సరుకు కోసం రోజుకు ఒక వెనక గది కట్టుకున్నారన్న మాట. ఆ గదికి అద్దె కూడా ఉంది. అర్ధరాత్రి యానిమేకి చానెల్ డబ్బివ్వడం కాదు, చాలాసార్లు తీసినవాళ్లే కమిటీగా ఏర్పడి చానెల్‌కు డబ్బిచ్చి ఆ టైము కొనుక్కుంటారు. ప్రసారం నిజానికి ఒక ప్రకటన. అది చూసి ఆగలేనివాడు రెండు ఎపిసోడ్లున్న డిస్కును ఆరేడు వేల యెన్‌లు పోసి కొంటే తప్ప లెక్క తేలేది కాదు. అంటే కొన్ని వేలమంది అభిమానుల జేబుల మీద ఒక పరిశ్రమ తెల్లవారుజాము దాకా లైట్లు వెలిగించుకుని కూర్చుంది.

ఇంతవరకు బాగానే ఉంది, పెద్దవాళ్ల సరుకు పెద్దవాళ్ల టైములో. చిక్కు ఎక్కడంటే, అమెరికా అర్ధరాత్రికి నెట్టినవాటిలో సగం జపాన్‌లో పిల్లలు అన్నం తింటూ చూసినవి. ఇనుయాషా సోమవారం సాయంత్రం ఏడింటికి వచ్చేది. యూ యూ హకుషో శనివారం సాయంత్రం ఆరున్నరకు. మన డిటెక్టివ్ కోనన్ అయితే 1996 నుంచీ సాయంత్రం పూటే, ఇంటిల్లిపాదీ కూర్చుని చూసే వ్యవహారం, వెయ్యి ఎపిసోడ్లు దాటి నడుస్తూనే ఉంది, ఏటా వేసవి ముందు దాని సినిమా రావడం అక్కడ పండగతో సమానం. మొదటి ఎపిసోడ్‌లోనే రోలర్ కోస్టర్ మీద ఒకడి తల ఎగిరిపోతుంది, చిన్నపిల్లలు కాసేపు కళ్లు మూసుకుని, ఆ తర్వాత హంతకుడెవరో పెద్దవాళ్లకంటే ముందు చెప్పేస్తారు. 2004లో అడల్ట్ స్విమ్ దీన్ని తెచ్చుకుంది, శవం ఉంది కాబట్టి పగలు వెయ్యకూడదని తీర్మానించింది. కథేమో విషం మింగించడం వల్ల ఒకటో తరగతి పిల్లాడిగా మారిపోయిన హైస్కూలు కుర్రాడిది. పాపం ఆ కుర్రాడి వయసు ఎంతో కథలోనే ఎవరికీ అంతుపట్టదు, చానెల్‌కు ఎలా అంతుపడుతుంది? ఇష్టపడాల్సిన పిల్లలు నిద్రపోతున్నారు, మేలుకున్న పెద్దవాళ్లు ఈ కళ్లజోడు బుడతడెవడురా అని చానెల్ మార్చారు. రేటింగులు రాలేదని యాభై ఎపిసోడ్ల దగ్గర కొత్తవి ఆపేశారు. ఆ కేసులో హంతకుడెవరో కోనన్ అక్కర్లేదు, గోడ మీద చూస్తే చాలు.

గడియారం గొప్పతనం మీద ఇంకా అనుమానం ఉన్నవాళ్ల కోసం షిన్‌చాన్‌ను బోనెక్కిస్తున్నాను. వయసు అయిదేళ్లు. 1992 నుంచి అయిదేళ్లే. జపాన్‌లో సాయంత్రం కుటుంబమంతా చూసే టైములో ప్యాంటు కిందికి జార్చి డాన్సు చేస్తాడు, అమ్మ నెత్తిన మొట్టికాయ వేస్తుంది, బొప్పి లేస్తుంది. అక్కడి తల్లిదండ్రుల సంఘాల సర్వేల్లో ‘మా పిల్లలు చూడకూడని కార్యక్రమాల’ జాబితాలో ఏళ్ల తరబడి ముందువరస వీడిదే, అయినా వాణ్ని ఎవరూ అర్ధరాత్రికి నెట్టలేదు. వాడు 2006లో అమెరికా వెళ్తే అడల్ట్ స్విమ్‌లో రాత్రి ఉద్యోగం దొరికింది. ఒక్క చిక్కు, ఈ పిల్లాడి అల్లరి అర్ధరాత్రికి సరిపోయేంత పెద్దరికంగా లేదు. అప్పుడు ఇంగ్లిషు డబ్బింగ్ చేసే ఫూనిమేషన్ కంపెనీ వాళ్లు మాటలన్నీ తిరగరాశారు, అమెరికా రాజకీయాలు, పచ్చి జోకులు, అసలు కథలో ఎవరూ కలగనని సంగతులన్నీ ఆ అయిదేళ్ల వాడి నోట్లో కుక్కారు. టైముకు తగ్గ సరుకు దొరక్కపోతే సరుకునే టైముకు తగ్గట్టు కల్తీ చెయ్యడం, దీన్నే మార్కెట్ భాషలో స్థానికీకరణ అంటారు.

సరిగ్గా అదే ఏడాది వాడు మన దేశం కూడా వచ్చాడు. హంగామా టీవీలో, పట్టపగలు, పిల్లల చానెల్‌లో, హిందీతోపాటు తెలుగూ తమిళమూ మాట్లాడుతూ. ఇక్కడి పిల్లలు వాడి గొంతుతోనే ఇంట్లో మాట్లాడటం మొదలుపెట్టారు, అల్లరి చేసేవాడికి వీధివీధినా అదే పేరు పెట్టారు, తల్లులు నెత్తీనోరూ కొట్టుకున్నారు, 2008లో కేంద్ర ప్రభుత్వం ఆపించేసింది, కొన్నాళ్లకు కత్తెర్లు పడి బుద్ధిమంతుడై తిరిగొచ్చాడు. ఒకే పిల్లాడు జపాన్‌లో ఇంటివాడు, అమెరికాలో బూతు కళాకారుడు, మన దగ్గర నిషేధిత వ్యక్తి. మూడు చోట్లా అయిదేళ్లే. పిల్లాడి తప్పేమైనా ఉందేమో విచారణ సంఘం వెయ్యమని ఎవరైనా అడిగితే నా ఓటు కూడా ఉంది, కానీ ముందు మూడు దేశాల గోడ గడియారాలను పిలిపించాలి.

యూరప్ వాళ్ల లీలలు వేరు. ఫ్రాన్స్‌లో అసలు గడియారమే చూసుకోలేదు, తలలు పగలగొట్టుకునే హొకుతో నో కెన్ అనే యానిమేను 1988లో పిల్లల కార్యక్రమంలో వేశారు. గొంతులిచ్చే నటులకే ఆ రక్తపాతం చూసి కడుపులో తిప్పి, సొంత జోకులు దట్టించి యుద్ధాన్ని కామెడీగా మార్చేశారు. బ్రిటన్‌లో 1990ల్లో యానిమే క్యాసెట్లు అమ్ముకునే మాంగా కంపెనీ వాళ్లదైతే పూర్తిగా తిరగేసిన తెలివి. అసలులో లేని బూతులు డబ్బింగ్‌లో కలిపేవారు, పిల్లలు చూడకూడదనే పెద్ద రేటింగు సంపాదించడానికి. రేటింగు పెద్దదైతే కుర్రకారు ఎగబడి కొంటారు కదా! అమెరికా వాడు తిట్లు తీసేసి పిల్లలకు అమ్మాడు, బ్రిటన్ వాడు తిట్లు వేసి పెద్దవాళ్లు కావాలనుకునే పిల్లలకు అమ్మాడు. జపాన్‌లో రాసిన రచయితను ఇద్దరూ అడగలేదు.

ఇంతకీ అర్ధరాత్రి చూసిందెవరు? ఈ ప్రశ్న మర్యాదస్తులు అడగరు. ఇల్లంతా పడుకున్నాక హాల్లో టీవీ ముందు, సౌండ్ నాలుగు మీద పెట్టి, రిమోట్ మీద బొటనవేలు సిద్ధంగా ఉంచుకుని, మెట్ల మీద అలికిడైతే వాతావరణ వార్తల్లోకి దూకడానికి తయారుగా కూర్చున్న పదిహేనేళ్లవాడు. వాడి చెవులు కథ మీద సగం, అమ్మ చెప్పుల మీద సగం. పొద్దున్నే బడికి పోవాలి, కళ్లు మండుతున్నాయి, మధ్యలో నల్ల తెర మీద తెల్లక్షరాలతో చానెల్ వాడు ఏదో చిలిపి మాట రాస్తాడు, వీడికి అది తన ఒక్కడితోనే చెప్పినట్టుంటుంది. పెద్దవాళ్లకని పెట్టిన ఆ టైములో పెద్దవాళ్లు చూశారో లేదో గానీ, చూడకూడదన్న ఒక్క కారణంతో మేలుకున్న పిల్లల సైన్యం తయారైంది. లెక్కల విషయంలో మాత్రం లోటు రానివ్వలేదు, 2005 నుంచి టీవీ ఎంతమంది చూస్తున్నారో లెక్కపెట్టే నీల్సన్ కంపెనీ అదే చానెల్‌ను పగలు ఒక చానెల్‌గా, రాత్రి వేరే చానెల్‌గా లెక్కకట్టింది. నంబరు ఒకటే, తీగ ఒకటే, సాయంత్రం దీపాలు పెట్టాక మాత్రం అద్దెకున్నవాళ్లు వేరు.

ఈ సైన్యం శక్తి తక్కువది కాదు. ది బిగ్ ఓ అనే రోబో కథ జపాన్‌లో ఆడక పదమూడు ఎపిసోడ్లకు ఆగిపోతే, అమెరికాలో ఆదరణ చూసి కార్టూన్ నెట్‌వర్క్ తానూ డబ్బు పెట్టి 2003లో మిగతా పదమూడూ తీయించింది. టూనామీని 2008లో మూసేశారు. 2012 ఏప్రిల్ ఫూల్స్ రాత్రి సరదాకి ఒక్కరోజు మళ్లీ వేస్తే, జనం అది జోకన్న సంగతి ఒప్పుకోలేదు, ఆన్‌లైన్‌లో గోల పెట్టి మే నెలాఖరుకు నిజంగానే తిరిగి తెప్పించారు. దాన్ని నడిపించే టామ్ అనే రోబోకూ, ఇంగ్లిషు బీబాప్‌లో హీరో స్పైక్‌కూ గొంతు ఒకరిదే, స్టీవ్ బ్లమ్‌ది. ఆ గొంతు వింటేనే సగం మందికి నిద్ర ఎగిరిపోతుంది.

ఇప్పుడు గడియారానికి పని లేకుండా పోయింది. జపాన్‌లో 25:30కి వచ్చింది గంటల్లో ఫోన్‌లోకి దిగుతోంది, సబ్‌టైటిల్స్‌తో సహా. రాక్షసుల తలలు తెగే డీమన్ స్లేయర్ 2025 సెప్టెంబరులో తెలుగు మాటలతో మన థియేటర్లకే వచ్చేసింది. సాంజీ పట్టపగలు, స్కూలు బస్సులో, ఆరో తరగతి పిల్లాడి ఒళ్లో సిగరెట్ వెలిగిస్తున్నాడు. లాలీపాప్ ఎక్కడుందో వెతికేవాడు లేడు.

టూనామీ మాత్రం ఇప్పటికీ శనివారం రాత్రే వస్తోంది. 2001లో దొంగచాటుగా మేలుకున్న పదిహేనేళ్లవాడికి ఇప్పుడు నలభై దాటుతోంది, ఇల్లు వాడిదే, రిమోట్ వాడిదే, సౌండ్ ఎంతయినా పెట్టుకోవచ్చు. పెద్దవాళ్ల కోసం పెట్టిన టైముకు ఎట్టకేలకు నికార్సైన పెద్దవాళ్లు దొరికారు. వాళ్లు పదిన్నరకల్లా సోఫాలోనే గురకపెడుతున్నారు.