టైబీరియస్ అన్న పేరు ఎక్కడిది?

అంతరిక్ష నౌక సాహసాల అమెరికన్ టీవీ కథ స్టార్ ట్రెక్ మీద మా ఇంట్లో గొడవ ఎప్పుడూ ఒకచోటే మొదలవుతుంది. 1973-74లో ఎన్‌బీసీ చానల్లో వచ్చిన యానిమేటెడ్ సిరీస్ "కానన్ కాదు" అంటాడు మా అబ్బాయి. అంటే అది అసలు కథలోది కాదట, అందులోవేవీ జరిగినట్టు కాదట. ఆ 22 ఎపిసోడ్లూ లెక్కలోవే అని నా వాదన.

"కెప్టెన్ కర్క్ పూర్తి పేరేంట్రా?" అని అడిగాను.

"జేమ్స్ టైబీరియస్ కర్క్." టక్కున చెప్పాడు.

కర్క్ అంటే ఆ కథలో ఎంటర్‌ప్రైజ్ అనే నౌకకి కెప్టెన్. మనుషులు నటించిన మొదటి సిరీస్‌లో ఆయన పేరు మధ్య ఉన్నది 'టి' ఒక్కటే. అదీ కుదురుగా లేదు, ఒక ఎపిసోడ్‌లో సమాధిరాయి మీద 'ఆర్' అని చెక్కారు. టైబీరియస్ అన్న మాట తెర మీద మొదట వినిపించింది 'బెమ్' అనే యానిమేటెడ్ ఎపిసోడ్‌లోనే. సినిమాకి ఎక్కింది 1991లో.

పిల్లల బొమ్మలు కదా అని తీసిపారేసేవాళ్లు అది తీసిందెవరో చూడరు. మొదటి సిరీస్ నటులు షాట్నర్, నిమోయ్, నికోల్స్, టకే, అందరూ సొంత గొంతులే ఇచ్చారు. కథల బాధ్యత పాత సిరీస్‌కి రాసిన డి.సి. ఫాంటానాది. కర్క్ సహచరుడు స్పాక్ చిన్ననాటి కథ 'యెస్టర్ ఇయర్' స్వయంగా ఆవిడే రాశారు. ఇంట్లో పెంచుకున్న సెహ్లాత్ అనే జంతువు ప్రాణం మీదికొస్తే, దాని నొప్పి పొడిగించాలా, ప్రశాంతంగా పోనివ్వాలా అని ఓ చిన్నపిల్లాడు తేల్చుకోవాలి. శనివారం పొద్దున పిల్లల కార్యక్రమంలో ఇంత బరువా! ఈ సిరీస్‌కి 1975లో డేటైమ్ ఎమ్మీ అనే టీవీ అవార్డు వచ్చిందంటే ఊరికే రాలేదు.

బొమ్మలు మాత్రం నాసిరకమే, ఒప్పుకుంటాను. భీకరులైన క్జిన్తీలనే గ్రహాంతర జాతికి గులాబీ రంగు బట్టలేంటో!

1980ల చివర్లో సృష్టికర్త రాడెన్‌బెరీ ఆఫీసే దీన్ని పక్కన పెట్టింది. కథ వాళ్లది, అనే హక్కూ వాళ్లదే. కానీ తర్వాత రాసినవాళ్లు వింటేగా! ఎంటర్‌ప్రైజ్ మొదటి కెప్టెన్ రాబర్ట్ ఏప్రిల్ తెర మీదికి వచ్చింది యానిమేటెడ్ సిరీస్ చివరి ఎపిసోడ్‌లో. 2022లో నటులతో తీసిన కొత్త స్టార్ ట్రెక్ సిరీస్ స్ట్రేంజ్ న్యూ వరల్డ్స్‌లో మనిషిగా నడిచొచ్చాడు. మనకిది వింతేమీ కాదు. శశిరేఖ పెళ్లి కథ వ్యాసభారతంలో లేదు, అయినా అభిమన్యుడంటే మనకి ముందు గుర్తొచ్చేది ఆ అమ్మాయే.

ఇవన్నీ చెప్పినా మావాడు తగ్గలేదు. "మరి ఆ తాటిచెట్టంత స్పాక్ సంగతేంటి నాన్నా? అదీ జరిగిందా?" అన్నాడు. బడ్జెట్ చాలక చెకోవ్ పాత్రని తీసేస్తే, ఆ వేషం వేసిన వాల్టర్ కోనిగ్ ఈ సిరీస్‌కి రాసిన ఎపిసోడ్ అది. అందులో స్పాక్‌కి ఓ రాక్షస నకలు పుడుతుంది. నేను మాట్లాడలేదు. వాడికి ప్రాణమైన కొత్త యానిమేటెడ్ స్టార్ ట్రెక్ సిరీస్ లోయర్ డెక్స్‌లో, 2021 నాటి ఒక ఎపిసోడ్ పెట్టి, ఓ వింత వస్తువుల సేకరణ చూపించే చోట ఆపాను. ఆ మహాకాయుడి అస్థిపంజరం అక్కడ నిలబడి ఉంది.