మాస్ట్ కణం మీద ఫిర్యాదు, దాని తరఫున జవాబు

కావలిలో ముప్పై ఏళ్లు జంతుశాస్త్రం చెప్పి విశ్రాంతి తీసుకుంటున్న మేనమామకూ, నెల్లూరులో అత్యవసర వార్డులో పనిచేసే మేనకోడలికీ నడిచిన వాదం ఇది. ఇందుకూరుపేట దగ్గర రొయ్యల పీలింగ్ షెడ్డులో పనిచేసే ఒకావిడ, మధ్యాహ్నం రొయ్యల ఇగురుతో అన్నం తిన్న పావుగంటకే ఒళ్లంతా దద్దుర్లు లేచి, గొంతు పూడుకుపోతుండగా ఆటోలో వార్డుకు వచ్చింది. వాదానికి మూలం ఆ సంఘటనే.

మేనకోడలు: మామయ్యా, ఆవిడ పెదవులు వాచిపోయాయి, మణికట్టు దగ్గర నాడి అందలేదు. తొడ కండరానికి ఎడ్రినలిన్ వేసిన కొద్ది నిమిషాలకు గానీ ఆవిడ నోట మాట రాలేదు. ఈ పని చేసింది రోగనిరోధక వ్యవస్థకు చెందిన మాస్ట్ కణాలు. చర్మంలో, శ్వాసనాళాల్లో, పేగుల్లో, రక్తనాళాల పక్కనే కాపురముండే ఈ కణాల ఒంటిమీద ఐజీఈ అనే, ఎలర్జీ తెచ్చే రకం ప్రతిరక్షకాలు అంటుకుని ఉంటాయి. రొయ్య కండలోని ట్రోపోమయోసిన్ అనే ప్రోటీను ఉడికించినా చెడదు. అది పక్కపక్కనున్న ఐజీఈలను కలిపి పట్టుకోగానే కణంలోని రేణువులు బయటపడతాయి. వాటిలోని హిస్టమిన్ రక్తనాళాలను వెడల్పు చేసి, గోడలను సడలించి, నీరు బయటికి కారేటట్టు చేస్తుంది. తిండి తిన్న మనిషిని గంటలోపే చంపగల కణాన్ని మీరెలా సమర్థిస్తారు?

మేనమామ: అమ్మాయ్, ఆ కణాన్ని నేను మొదట చూసింది సూక్ష్మదర్శినిలో. ఎలుక పేగులను పట్టి ఉంచే పలచని పొరను గాజు పలక మీద పరచి టొలుయిడిన్ నీలం వేస్తే చుట్టూ అంతా నీలంగా ఉంటుంది, మాస్ట్ కణాలు మాత్రం వంకాయ రంగులో, నిండా రేణువులతో, రక్తనాళం వెంబడి వరుసగా కనబడతాయి. రేణువుల్లోని హెపారిన్ అనే పదార్థం ఆ రంగును మారుస్తుంది. 1878లో లైప్‌జిగ్‌లో తన సిద్ధాంత వ్యాసంలో ఈ కణాలకు పేరు పెట్టిన పాల్ ఎర్లిఖ్, ఇవి చుట్టుపక్కల కణజాలానికి మేత పెడతాయనుకున్నాడు; జర్మన్‌లో మాస్ట్ అంటే మేపడం. అది పొరపాటు, పేరు మాత్రం నిలిచింది. ఇలాంటి కణాలు సముద్రపు రాళ్లకు అంటుకుని బతికే ట్యూనికేట్లలో కూడా ఉన్నాయి. ఐజీఈ అయితే క్షీరదాలలో తప్ప లేదు. కాబట్టి ఎలర్జీ కోసమే పుట్టిన కణం కాదిది.

మేనకోడలు: పాతదైనంత మాత్రాన పనికొచ్చేదని కాదు. మాస్ట్ కణాలు లేని ఎలుకలుగా వాడుకలో ఉన్నవాటికి కిట్ జన్యువు దెబ్బతిని రక్తహీనత వంటి ఇతర లోపాలు కూడా ఉండేవి. 2011లో కిట్ చెడకుండా మాస్ట్ కణాలు లేని ఎలుకలను తయారు చేశారు. అవి ప్రయోగశాలలో నిక్షేపంగా పెరిగాయి. ఐజీఈ వల్ల వచ్చే అనాఫిలాక్సిస్, అంటే ఆవిడకు వచ్చినటువంటి ప్రాణాంతక ఎలర్జీ, మాత్రం వాటికి రాలేదు.

మేనమామ: అదే ప్రయోగం నా పక్షాన కూడా సాక్ష్యం చెబుతుంది. ప్రతిరక్షకాల వల్ల వచ్చే కీళ్లవాపుకు ఈ కణమే కారణమని 2002లో పాత ఎలుకలను చూసి చెప్పారు, నేనూ క్లాసులో అలాగే చెప్పాను. 2011 ఎలుకలకు మాస్ట్ కణాలు లేకపోయినా కీళ్లవాపు వచ్చింది. అంటే మోపిన నేరాల్లో ఒకటి పోయింది. ఇక నిక్షేపంగా పెరిగాయన్న మాట పంజరం వరకే చెల్లుతుంది, అక్కడ పాములుండవు. మాస్ట్ కణాల్లోని ఒక ఎంజైము పాము విషాన్ని తుంచి బలహీనపరుస్తుందని, తేనెటీగ విషం నుంచి కూడా ఈ కణాలు ఎలుకలను కాపాడతాయని 2006లో తేలింది. ఆ తర్వాత మన వరిచేలలో తిరిగే రక్తపింజరి విషంతోనే పరీక్షించి, ఐజీఈ ఉన్న ఎలుకలు ఎక్కువగా బతికాయని చూపారు.

మేనకోడలు: ఎలుకల సంగతి సరే. పింజరి కరిచిన రైతును మేం కాపాడేది విరుగుడు సీరంతో. ఆ సీరం ఎక్కించేటప్పుడు అనాఫిలాక్సిస్ రావచ్చని పక్కనే ఎడ్రినలిన్ సిద్ధంగా పెట్టుకుంటాం. కాపాడుతుందని మీరు చెప్పే కణానికే భయపడి కదా!

(ఈ మాటకు మేనమామ చాలాసేపు జవాబు చెప్పలేదు. నా దృష్టిలో వాదం మొత్తంలో బరువైన మాట ఇదే.)

మేనమామ: ఒప్పుకుంటాను. కానీ దద్దుర్లు లేచిన ప్రతిసారీ ఈ కణాన్నే పట్టుకోవద్దు. ఐసు లేక ఎండకు నిలిచిన కానాగంతల్లో బాక్టీరియా చేప కండలోని హిస్టిడిన్ అనే పదార్థాన్ని హిస్టమిన్‌గా మారుస్తుంది. అవి తింటే ఇలాగే ఎర్రబడుతుంది, గుండె దడదడలాడుతుంది. అందులో మాస్ట్ కణం చేసిందేమీ లేదు. అయినా ఆ మనిషి జన్మంతా చేపలు మానేస్తాడు. ఒకటి రెండు గంటల్లో రక్తం తీసి, మాస్ట్ కణాల రేణువుల్లో ఉండే ట్రిప్టేజ్ అనే ఎంజైము ఎంతుందో చూస్తే తెలియదా?

మేనకోడలు: పెరిగితే మాస్ట్ కణాలు రేణువులు వదిలినట్టే. అయితే తిండి వల్ల వచ్చే అనాఫిలాక్సిస్‌లో చాలాసార్లు అది పెరగదు, కాబట్టి పెరగలేదని కొట్టిపారేయలేం. చేపల విషయంలో ఆ పళ్లెంలో తిన్నవాళ్లు చాలామంది పడతారు. ఇక్కడ ఇంటిల్లిపాదీ తిన్నారు, పడింది ఆవిడ ఒక్కతే. పైగా ఆవిడ చేతులు చూశాను, మామయ్యా. వేళ్ల సందుల్లో చర్మం నాని, ఎర్రగా పగిలి ఉంది. ఆరు నెలలుగా దురద ఉందట, ఐసు నీళ్ల వల్లేననుకుందట. ఆ పగుళ్లలోంచే రొయ్య ప్రోటీను లోపలికి పోయి ఐజీఈ తయారై ఉండవచ్చు.

మేనమామ: అయితే ఆవిడ మళ్లీ షెడ్డుకు పోకూడదు.

మేనకోడలు: పోకూడదనే చెప్పాను. పోకపోతే కూలి ఎవరిస్తారని అడిగింది. రేపు ఆ షెడ్డుకు వెళ్లి మిగతావాళ్ల చేతులు చూడాలనుకుంటున్నాను. మీరూ రండి, మామయ్యా.