అద్దె కట్టిన గొంతు

2012లో దక్షిణ కొరియా జాజ్ గాయని పార్క్ సోంగ్‌యోన్ తన ఎల్పీ రికార్డులు అమ్మేసింది. జీవితమంతా ఒక్కొక్కటిగా పోగేసుకున్నవి. రాజధాని సోల్ నగరంలో తను నడుపుతున్న జాజ్ క్లబ్బు మూతపడకుండా ఉండాలంటే డబ్బు కావాలి. పాడి సంపాదించింది ఎప్పుడో క్లబ్బులోకే పోయింది, ఇక రికార్డుల వంతు వచ్చింది.

అదే ఏడాది ‘గంగ్నమ్ స్టైల్’ అనే కొరియా పాట ప్రపంచాన్ని ఊపేసింది. మన పెళ్లి బరాత్‌లలో పెద్దమనుషులు కూడా గుర్రం స్వారీ స్టెప్పు వేసిన రోజులవి. డిసెంబరుకల్లా యూట్యూబ్‌లో ఆ వీడియో వంద కోట్ల వ్యూస్ దాటింది. పార్క్ క్లబ్బు ‘జానస్’ అప్పుడు సోచోలో ఉండేది. సోచో అంటే గంగ్నమ్‌కు ఆనుకునే ఉన్న ప్రాంతం. కొరియా పాట దేశాలు దాటి డబ్బు తెస్తున్న ఏడాదే, పక్క వీధుల్లో ఒక గాయని అద్దె కోసం తన సంగీతాన్ని తూకానికి పెట్టుకుంది.

ఆమెది కొరియాలో జాజ్ పాడి నిలిచిన మొదటి తరం. ఆ తరానికి బడి అమెరికన్ సైనిక స్థావరాలే. 1953లో కొరియా యుద్ధం ఆగాక కూడా అమెరికా ఎనిమిదో సైన్యం కొరియాలోనే ఉండిపోయింది. సైనికులకు సాయంత్రాలు పాట కావాలి, ఆట కావాలి. అందుకోసం స్థానిక కళాకారులకు ఆడిషన్లు పెట్టేవారు, గ్రేడులిచ్చేవారు. గ్రేడును బట్టే డబ్బు. కొన్నాళ్లకోసారి మళ్లీ పరీక్ష. ఇంగ్లిష్ రాకపోయినా ఇంగ్లిష్ పాట నోటికి రావాలి. కొరియా ఆధునిక పాప్ సంగీతంలో పెద్ద పేర్లు చాలావరకు ఆ వేదికల మీద రాటుదేలినవే. ముగ్గురు కిమ్ సిస్టర్స్ అక్కడి నుంచే 1959లో అమెరికా వెళ్లారు. పార్క్ కూడా ఆ వేదికల మీదే పాడటం మొదలుపెట్టింది.

అయితే ఆ బడికి ఒక లోపముంది. శ్రోత పరాయివాడు, వాడు ఇంటికెళ్లిపోతే వేదికా ఉండదు. 1971లో అమెరికా ఒక పూర్తి డివిజన్‌ను కొరియా నుంచి వెనక్కి పిలిపించుకున్నాక ఆ సంగతి అందరికీ అర్థమైంది. సోల్‌లో విదేశీయులు తిరిగే చోట జాజ్ వినిపించేది కానీ, కొరియన్ వాద్యగాళ్లు తమవాళ్ల ముందు, తమకు నచ్చింది, తమకు నచ్చినంతసేపు వాయించుకునే చోటు లేదు. 1978లో పార్క్ విశ్వవిద్యాలయాలుండే సిన్‌చోన్‌లో జానస్ తెరిచింది. కొరియా వ్యక్తి సొంతంగా నడిపిన మొదటి జాజ్ క్లబ్బుగా దాన్ని చెబుతారు. జానస్ రెండు ముఖాల రోమన్ దేవుడు, గడపలకు అధిదేవత. పేరు బాగా కుదిరింది.

ఇక్కడ ఒక విషయం మరిచిపోకూడదు. 1978 నాటి దక్షిణ కొరియాలో అర్ధరాత్రి నుంచి తెల్లవారుజామున నాలుగింటి దాకా కర్ఫ్యూ. దాన్ని ఎత్తేసింది 1982 జనవరిలో. జాజ్ అంటేనే పొద్దుపోయాక మొదలయ్యే వ్యవహారం. వాయించేవాళ్లు వేడెక్కి, ఇక అసలు సంగతి మొదలయ్యే వేళకు అందరూ ఆఖరి బస్సు కోసం పరిగెత్తాలి. పైన సైనిక పాలన. రాక్, ఫోక్ పాటల మీద నిషేధాలు పడి మూడేళ్లే అయింది. అలాంటి ఊళ్లో, అలాంటి వేళల్లో, ఒక ఆడమనిషి క్లబ్బు తెరవడం వ్యాపార తెలివి కాదు. తిక్క అందాం, ఆమె కూడా బహుశా కాదనదు.

జాజ్ క్లబ్బు లెక్క ఎప్పుడూ తేలదు. హాలు చిన్నది కావాలి, లేకపోతే డబుల్ బేస్ గొణుగుడు వెనక కుర్చీకి చేరదు. హాలు చిన్నదైతే టికెట్లు తక్కువ. జనం నిశ్శబ్దంగా వినాలి, నిశ్శబ్దంగా వినేవాడు ఒక్క గ్లాసుతో రెండు గంటలు కూర్చుంటాడు. వేదిక మీదికి నలుగురైదుగురు వస్తారు, అందరికీ డబ్బులివ్వాలి. పాట హిట్టయితే ఎక్కువ అమ్ముదామనుకోవడానికి అక్కడ ఏ రాత్రి పాట ఆ రాత్రికే సరి. జానస్ సిన్‌చోన్ నుంచి తేహంగ్నోకు, అక్కడి నుంచి చోంగ్‌దామ్‌కు, చివరికి సోచోకు మారింది. మూటాముల్లె సర్దుకున్న ప్రతిసారీ కారణం సంగీతం కాదని చెప్పనక్కర్లేదు.

అయినా ఆ గదిలో జరిగింది మరెక్కడా జరిగేది కాదు. స్వరాలు, కలిపి మోగించే స్వరగుచ్ఛాలు (కార్డ్స్) పుస్తకంలో దొరుకుతాయి. పక్కవాడు దారి తప్పినప్పుడు వాణ్ణి ఎలా అందుకోవాలో వారం వారం అదే వేదిక మీద నిలబడితేనే వస్తుంది. పియానో షిన్ క్వానుంగ్, తాళవాద్యాల ర్యు బోక్‌సోంగ్ లాంటి మొదటి తరం వాళ్లకు అది అడ్డా. కుర్రవాళ్లకు పాఠశాల.

కొరియా జాజ్ అనగానే ప్రపంచం చెప్పే పేరు మాత్రం వేరు. నా యున్‌సన్ (‘నా’ ఆమె ఇంటిపేరు). 1969లో పుట్టింది. తండ్రి బృందగాన నిర్దేశకుడు, తల్లి సంగీత నాటకాల నటి. చదివింది ఫ్రెంచి సాహిత్యం. 1994లో తేహంగ్నోలోని హక్చోన్ థియేటర్ వేసిన ‘లైన్ వన్’ సంగీత నాటకంలో నటించి, మరుసటి ఏడు పారిస్ వెళ్లి జాజ్ బడిలో చేరింది. తన సన్నటి, స్పష్టమైన గొంతు అమెరికన్ జాజ్ గాయని బిల్లీ హాలిడే పాటలకు పనికిరాదని మానేద్దామనుకుంది. ఇలాంటి గొంతుతో కూడా జాజ్ పాడేవాళ్లున్నారని గురువులు యూరప్ గాయనులను వినిపించారు. ఆ తర్వాతిది గెలుపు కథ. జాజ్ పియానో దిగ్గజం ఆస్కార్ పీటర్సన్ పక్కన వాయించిన స్వీడన్ గిటారిస్టు ఉల్ఫ్ వాకేనియస్‌తో జోడీ, 2010లో ‘సేమ్ గర్ల్’, 2013లో ‘లెంటో’ ఆల్బమ్‌లు. హెవీ మెటల్ బృందం మెటాలికా పాటనూ కొరియాలోని గాంగ్వన్ ప్రాంతపు జానపదాన్నీ ఒకే ఆల్బమ్‌లో పక్కపక్కన పెట్టిన ధైర్యం ఆమెది. 2014లో సోచి శీతాకాల ఒలింపిక్స్ ముగింపు వేడుకలో కొరియా జానపదం ‘అరిరంగ్’ పాడినవాళ్లలో ఆమె ఉంది.

పరాయి భాషలో పాడేవాళ్లంటే మనకు ఆసక్తి ఎక్కువే. త్యాగయ్య కృతిని తమిళ విద్వాంసులు పాడుతుంటే ‘ళ’ దగ్గరా ‘ఒత్తుల’ దగ్గరా చెవులు రిక్కించే జాతి మనది. నా యున్‌సన్ ఫ్రెంచి, ఇంగ్లిష్, కొరియన్ మూడింటిలోనూ అచ్చరం పొల్లుపోకుండా పాడుతుంది. పార్క్ ఇంగ్లిష్ సైనిక స్థావరాల్లో చెవిన పడి నేర్చుకున్న తరానిది. నాకు రెండోది తక్కువనిపించదు. ఆ పాటలు కొరియాకు వచ్చిన దారి ఆమె ఉచ్చారణలో అలాగే ఉండిపోయింది.

పారిస్ మెచ్చింది కాబట్టి ఒకరు గాయని అయ్యారు. సొంత దేశంలోనే ఉండిపోయింది కాబట్టి మరొకరు ‘కొరియా జాజ్ తల్లి’ అయ్యారు. నా ఫిర్యాదు ఆ బిరుదు మీదే. తల్లి అనగానే త్యాగం చెబుతారు, రికార్డులు అమ్ముకున్న కథ చెబుతారు, డయాలిసిస్ చెబుతారు. పాట ఎలా ఉందని అడగరు. తల్లి పాటకు మార్కులేస్తామా? మన దగ్గర శాలువా కప్పేటప్పుడు మాత్రమే గుర్తొచ్చే రంగస్థల నటీమణుల సంగతీ ఇంతే. గౌరవం ఎక్కువై, వినడం తగ్గిపోతుంది.

1985లో జానస్ పేరు మీద వచ్చిన ఆమె ఆల్బమ్ ఉంది. ఆ తర్వాత చేసినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. క్లబ్బు నడిపేవాళ్లకు స్టూడియోకు తీరికెక్కడిది? పార్క్ మూత్రపిండాలు చెడి ఆస్పత్రి పాలయ్యాక, జానస్ పేరును ‘మాలో’ అనే మరో గాయని భుజానికెత్తుకుంది. పార్క్ 2020 ఆగస్టులో చనిపోయింది.

అంతకు కొద్ది కాలం ముందు, స్టేడియంలు నింపే గాయకుడు పార్క్ హ్యోషిన్‌తో కలిసి ఆమె ఒక పాట పాడింది. జానస్ గడప ఎన్నడూ తొక్కని కుర్రకారు ఆమె గొంతు మొదటిసారి విన్నది అందులోనే. బొంగురుగా, తొందర లేకుండా ఉంటుంది. అతని గొంతు పాలిష్ పట్టినట్టు మెరుస్తూ వస్తుంది, ఆమె మాత్రం తాళానికి ఒక అడుగు వెనకే నడుస్తూ పదాన్ని ఇష్టమొచ్చిన చోట దించుతుంది. కర్ఫ్యూ గంట కొట్టినా లేవని మనిషిలా.