నాకు సూక్తులు వద్దు, బాకీ ఇవ్వండి

పొద్దున్నే నేను అడిగింది చాలా చిన్న మాట. "సార్, లాబీ పైకప్పు బొమ్మల డబ్బులో సగం ఇంకా రావాలి, ఈ వారంలో సర్దగలరా?" అంతే. మర్యాదగా చేతులు జోడించిన గుర్తు కూడా పెట్టాను. కాసేపటికి మా అపార్ట్‌మెంట్ సెక్రటరీ గారి దగ్గర్నుంచి జవాబు వచ్చింది. డబ్బు కాదు, ఒక బొమ్మ. వెనకాల ఉదయిస్తున్న సూర్యుడు, ముందు ఎర్రగడ్డం డచ్చి చిత్రకారుడు వాన్ గో. డబ్బు కోసం గీసేవాడు కళాకారుడే కాడన్న అర్థం వచ్చే నాలుగు ముక్కలు ఆయన పేరు మీద అచ్చువేసి, కింద రెండు గులాబీలు, ఒక శుభోదయం. అదీ నా ఒక్కదానికే కాదు, గ్రూపులో అందరికీ. మూడో అంతస్తు ఆంటీ గారు వెంటనే చప్పట్లు కొట్టారు.

అయ్యా, ఈ మాట చెప్పించడానికి మీకు ప్రపంచంలో వాన్ గో తప్ప ఇంకెవరూ దొరకలేదా? తమ్ముడు థియోకు ఆయన రాసిన ఉత్తరాల్లో మిగిలినవే ఆరు వందలకు పైగా ఉన్నాయి. ఏ నాలుగు తిరగేసినా డబ్బు గొడవ కనబడుతుంది. 1888లో ఫ్రాన్సులోని ఆర్ల్ ఊరి నుంచి రాసినవి చూడండి. తెల్ల రంగు ఇన్ని ట్యూబులు, క్రోమ్ పసుపు ఇన్ని, పెద్దవి ఇన్ని, చిన్నవి ఇన్ని, కాన్వాసు ఇన్ని మీటర్లు అంటూ కిరాణా చీటీ రాసినట్టు రాస్తాడు. పంపిన సొమ్ముకు బదులుగా ఈ చిత్రాలు నీవేనని తమ్ముడితో ఒప్పందం కూడా చేసుకున్నాడు. అంటే, దానం అక్కర్లేదు, ఇది నా పనికి వచ్చే డబ్బు అన్నాడు ఆ మనిషి. మా సెక్రటరీ గారి వాన్ గో మాత్రం గాలి పీల్చి బతికాడు.

నాకు మహానుభావుల మాటలంటే పగేమీ లేదు. గీత కుదరని రోజున నేనూ వాళ్ళనే తెరుస్తాను. లాబీ పైకప్పు గీస్తున్నప్పుడు మెడ పట్టేసి తల దించలేక నరకం చూశాను. ఆ రాత్రి గుర్తుకొచ్చినవాడు మైకెలాంజెలో. వాటికన్‌లో పోప్ గారి సిస్టీన్ చాపెల్ పైకప్పు 1508 నుంచి 1512 దాకా గీసి, ఆ అవస్థ మీద స్నేహితుడికి ఒక హాస్య పద్యం రాశాడు. గొంతు కింద కాయ లేచిందనీ, గడ్డం ఆకాశానికి తిరిగిందనీ, కుంచె నుంచి కారే రంగుతో ముఖమంతా గచ్చు నేల అయిందనీ, తాను అసలు చిత్రకారుణ్ణే కాదనీ! చదివి పడీపడీ నవ్వి, మర్నాడు మళ్ళీ పరంజా ఎక్కాను. స్ఫూర్తి అంటే నాకు అదీ. ఆ మైకెలాంజెలోయే పోప్ తనకు డబ్బు ఇవ్వడం లేదని తండ్రికి ఉత్తరం రాసుకున్నాడు. ఈ ముక్కను గులాబీలు పెట్టి పంపమనండి, చూద్దాం.

మెడకు రాసుకున్నది అమృతాంజనం. ఆ డబ్బా చూసినప్పుడల్లా నాకు ఇంకో మంట. 1893లో ఆ మందు మొదలుపెట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు, మొదట్లో సంగీత కచేరీల్లో దాన్ని ఉచితంగా పంచేవారని చెబుతారు. నొప్పుల మందు మీద వచ్చిన డబ్బు పెట్టి ఆంధ్రపత్రిక నడిపారు, 1914లో దాన్ని ఇక్కడికే, మన మద్రాసుకే తెచ్చి దినపత్రిక చేశారు, 1924లో భారతి సాహిత్య మాసపత్రిక పెట్టారు. రాసేవాడికి కడుపు ఉంటుందని తెలిసిన తెలుగువాడు ఆయన. మైలాపూరు లజ్ దగ్గర ఆయన పేరుతో పార్కు ఉంది కదా. మా సెక్రటరీ గారు రోజూ ఉదయం నడిచేది ఆ పార్కులోనే! అక్కడి బెంచీ మీద కూర్చునే ఈ సూక్తులన్నీ పంపుతారు. తల ఎత్తి గేటు మీద పేరు చదివితే బాగుండును.

లిఫ్టు దగ్గర ఎదురుపడితే కొత్త పాఠం మొదలుపెట్టారు. "అమ్మా, మన పోతన రాజులకు కావ్యం అమ్ముకోలేదు, త్యాగయ్య తంజావూరు రాజు కానుకలు కాదన్నాడు, కళను డబ్బుతో కొలవకూడదు." బాగుంది. పోతనకు దున్నుకోవడానికి పొలం ఉంది. నేను ఉండేది అద్దె ఇంట్లో, దున్నడానికి బాల్కనీలో తులసి కుండీ ఒక్కటే ఉంది. త్యాగయ్య ఉంఛవృత్తికి వెళితే తిరువయ్యారు వీధుల్లో ఇల్లాళ్ళు బియ్యం పోశారు. మా అపార్ట్‌మెంటులో ఎవరు పోస్తారో ఆ జాబితా కూడా గ్రూపులో పెట్టండి. డిసెంబరు వస్తే సంగీత సభల్లో ముందు వరుస టిక్కెట్టు డబ్బు పెట్టి కొనే పెద్దమనిషి, చచ్చి స్వర్గాన ఉన్న కళాకారులనే ఉదాహరిస్తారెందుకు? వాళ్ళు బిల్లు పంపరు కనుక. శ్రీనాథుణ్ణి మాత్రం ఎవరూ ఎత్తరు. ప్రౌఢదేవరాయల సభలో కనకాభిషేకం చేయించుకున్న కవిసార్వభౌముడు చివరి రోజుల్లో బొడ్డుపల్లె గుత్తకు తీసుకుని నష్టపోయి, బాకీ కట్టలేక శిక్షగా నల్లగుండు భుజాన మోస్తూ "ఎట్లు చెల్లింతు టంకంబులేడునూర్లు" అన్నాడని చాటుపద్యం. ఇది శుభోదయానికి పనికిరాదు. అద్దె కట్టాల్సిన నెల మొదటి తేదీకి మాత్రం బాగా పనికొస్తుంది.

అసలు కోపం సెక్రటరీ గారి మీద కాదులెండి. అంటే, ఆయన మీద కూడా ఉంది, కానీ ఇది పాతది. మా నాన్న మౌంట్ రోడ్డు సినిమా బ్యానర్లు గీసినవాడు. నటుల ఫోటో మీద పెన్సిలుతో గళ్ళు గీసుకుని, గుడ్డ మీద సుద్ద తాడు లాగి పెద్ద గళ్ళు వేసి, ఒక్కో గడిలో ముక్కు, పెదవి, బుగ్గ నింపుకుంటూ పోయేవాడు. దగ్గరగా చూస్తే ఒట్టి నీలం, గులాబీ మరకలు, రోడ్డుకు అవతలికి వెళ్ళి చూస్తే మనిషి నవ్వేవాడు. ఒక బ్యానరులో కథానాయిక కన్ను అప్పటి నా ఎత్తు ఉంది. బొంబాయిలో చిత్రకారుడు ఎం.ఎఫ్. హుసేన్ సినిమా హోర్డింగులు గీశాడంటే అబ్బురపడే మన తెలుగువాళ్ళే మా నాన్నను "పెయింటరు" అని గుమ్మం బయటే నిలబెట్టి మాట్లాడేవారు. 2000 తర్వాత ఫ్లెక్సీ వచ్చింది, గుడ్డ పోయింది, పని పోయింది. అప్పుడు గుర్తుకొచ్చాడు ఇక్కడి తెలుగు సంఘాలకు! ప్రతి ఉగాదికీ పిలుపు. వేదిక వెనక తెర గీయించుకోవడం, చివర్న ఒక శాలువా, ఒక జ్ఞాపిక, ఒక ఫోటో. ఆటో ఖర్చు మా అమ్మ పోపుల డబ్బాలోంచి. ఆ శాలువాలు బీరువా నిండా ఉన్నాయి. చెన్నై ఎండలో వాటిని ఎవరు కప్పుకుంటారండీ?

డెబ్బై ఏళ్ళ లోపు గీసినదేదీ లెక్కలోకి రాదనీ, నూట పదేళ్ళకు తన ప్రతి చుక్కా ప్రతి గీతా ప్రాణంతో ఉంటుందనీ జపాన్ చిత్రకారుడు హొకుసాయ్ 1834లో రాసుకున్నాడు. చేతులు వణకడం మొదలైన నాన్నకు ఓ సాయంత్రం అది చదివి వినిపించాను, ధైర్యంగా ఉంటుందని. శ్రద్ధగా విన్నాడు. "అంతవరకూ ఆయన ఇంటి అద్దె ఎవరు కట్టారమ్మా?" అన్నాడు. హొకుసాయ్ తొంభైసార్లకు పైగా ఇల్లు మారాడని చెబుతారు. ఆ ముక్క నాన్నకు చెప్పలేదు.

మొన్న ఆ సంఘాల్లో ఒకదాని నుంచి నాకు ఫోను. నాన్న పేరు నిలబెట్టాలట, ఈ ఉగాదికి తెర నేను గీయాలట, ఘనంగా సత్కారం ఉంటుందట. పంచాంగం చదివే పంతులు గారికి సంభావన ఉంది. పులిహోర చేసే ఆయనకు అడ్వాన్సు వెళ్ళింది. మైకు సెట్టువాడు డబ్బు చేతిలో పడందే వైరు చుట్ట విప్పడు, విప్పకూడదు కూడా. మైకుకు ఎంత ఇస్తున్నారో నాకూ అంతే ఇవ్వండి, శాలువా అక్కర్లేదు అన్నాను. అవతల కాసేపు మాట లేదు. "కమిటీలో కనుక్కుని చెబుతామమ్మా" అని పెట్టేశారు. ఇంకా కనుక్కుంటూనే ఉన్నారు. మైకు అతను మా వీధి చివరే ఉంటాడు, నేనే వెళ్ళి అడిగాను. అతనికి పోయిన వారమే మొత్తం ముట్టిందట.